ఆక్సిజన్ మోటర్ ఉన్నా చేపలు తెల్లారేసరికి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయ్, ఎందుకు?

గాజుతొట్టి:
అందరికీ నమస్తే. చేపలు పెంచడం మొదలుపెట్టి ఏడు నెలలైంది, ఇప్పటిదాకా పెద్దగా ఇబ్బంది రాలేదు కానీ నాలుగు రోజుల్నుంచి పొద్దున్నే లేచి చూస్తే చేపలన్నీ నీళ్ల పైకొచ్చి మూతులు పైకెత్తి గుటకలేస్తున్నాయ్, మొప్పలు టపటపా కొట్టుకుంటున్నాయ్, తొమ్మిది దాటాక మెల్లగా కిందికి దిగి మామూలుగా తిరుగుతున్నాయ్. నిన్న పొద్దున అన్నిట్లోకి పెద్ద గోల్డ్ ఫిష్ చచ్చిపోయి ఉంది. ఫస్ట్ తెచ్చుకుంది అదే, అద్దం మీద వేలు పెడితే ఎక్కడున్నా వచ్చేసేది. చాలా బాధగా ఉంది.

ట్యాంక్ 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, 15 అంగుళాల ఎత్తు. గోల్డ్ ఫిష్ 4 (ఇప్పుడు 3), షార్క్ 2 (సొరచేపలు కాదు, షాపుల్లో ఆ పేరుతో అమ్మేవి), ఏంజెల్ 2, మోలీలు 6, సక్కర్ (అద్దానికి అతుక్కుని నాచు తినే చేప) 1. లోపల స్పాంజ్ ఉన్న ఫిల్టర్ ఉంది, రెండు గొట్టాల ఆక్సిజన్ మోటర్ ఉంది, బుడగలు బాగానే వస్తున్నాయ్. మూడు రకాల మొక్కలున్నాయ్. పోయిన వారమే మొత్తం నీళ్లు తీసేసి రాళ్లు, స్పాంజ్ కుళాయి కింద శుభ్రంగా కడిగి పెట్టా, ప్రతి నెలా అలాగే చేస్తా. ఒక్క చేప కూడా కొత్తగా వేయలేదు. ఏడు నెలలు లేని సమస్య ఇప్పుడెందుకు వచ్చినట్టు? ఇంకా పెద్ద మోటర్ తెచ్చి పెట్టమంటారా?

నాచుపచ్చ:
ముందు ఇది చదవడం ఆపి ట్యాంకులో 40 శాతం నీళ్లు మార్చేయండి, క్లోరిన్ పోగొట్టే మందు కలిపిన నీళ్లు, వేడి కూడా దాదాపు ట్యాంక్ నీళ్లంతే ఉండాలి. పోసేటప్పుడు కొంచెం ఎత్తు నుంచి పోయండి, గాలి కూడా కలుస్తుంది. రెండు రోజులు మేత పూర్తిగా ఆపేయండి, పెద్ద చేపలకి ఏం కాదు, తిన్న తర్వాత అవి ఇంకా ఎక్కువ ఆక్సిజన్ లాగుతాయి కాబట్టి ఇప్పుడు పస్తే మంచిది.

ఇప్పుడు ఒక్క విషయం చెప్పండి, మోటర్ రాత్రి కూడా ఆన్‌లో ఉంటుందా? పొద్దునే గుటకలేసి, లైట్ పడ్డాక సర్దుకుంటున్నాయంటే నాకు డౌట్ అక్కడే. మొక్కలు వెలుతురున్నప్పుడే ఆక్సిజన్ ఇస్తాయి, చీకటి పడ్డాక అవి కూడా మన చేపల్లాగే పీల్చుకుంటాయి. అందుకే రాత్రంతా తగ్గుతూ తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున అడుగంటుతుంది. చెరువుల్లో చేపలు పెంచేవాళ్లు కూడా భయపడేది ఆ టైముకే, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు అందుకే రాత్రి తిప్పుతారు.

గాజుతొట్టి:
నీళ్లు మార్చేశానండి. రాత్రి మోటర్ ఆపేస్తాను, నిజం. ట్యాంక్ పడుకునే గదిలోనే ఉంది, గుయ్ మని ఒకటే సౌండ్, పిల్లాడు నిద్రపోడు. చేపలు కూడా పడుకుంటాయి కదా, వాటికి అప్పుడేం అవసరమనుకున్నా. ఫిల్టర్, మోటర్, లైట్ అన్నీ ఒకే స్విచ్ బోర్డుకి ఉన్నాయ్, పదకొండుకి స్విచ్ వేసి ఆపేస్తే మళ్లీ పొద్దున ఆరుకే ఆన్ చేసేది. కానీ మొదట్నుంచీ ఇలాగే చేస్తున్నా, అప్పుడేం కాలేదు కదా, నాకు అర్థం కానిది అదే.

రంగుతోక:
బ్రో రాత్రి ఆన్‌లో పెట్టు, డబుల్ కెపాసిటీ మోటర్ తీసుకో, అయిపోతుంది. నా దగ్గర ఇంతే సైజు ట్యాంకులో 25 చేపలున్నాయ్, మోటర్ గట్టిది కాబట్టి ఒక్కటి కూడా పోలేదు. ఎన్ని చేపలైనా బుడగలు ఫుల్‌గా వస్తుంటే భయం లేదు.

నీటికుండ:
రంగుతోక తమ్ముడూ, నీ 25 ఏం చేపలో చెప్పలేదు. గప్పీలు, టెట్రాలు అయితే సరే, ఇక్కడున్నవి గోల్డ్ ఫిష్‌లు, షార్క్‌లు. లెక్క పూర్తిగా వేరు.

గాజుతొట్టి గారూ, చేప పోయిన బాధ నాకు తెలుసు, నేనూ ఇలాగే పోగొట్టుకున్నా, అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా. ఏడు నెలలు లేంది ఇప్పుడెందుకు అన్నారు. మీరు కొత్త చేప వేయలేదు, నిజమే. కానీ తెచ్చినప్పుడు ఆ గోల్డ్ ఫిష్ ఎంత ఉంది? బొటనవేలంత ఉండుంటుంది, 4 సెంటీమీటర్లు. చచ్చిపోయినప్పుడు? 12 ఉందనుకుందాం. పొడవు మూడింతలైంది, కానీ అదే ఆకారంలో పెరిగిన ఒళ్లు మూడు ఇంటూ మూడు ఇంటూ మూడు, 27 ఇంతలైంది. ఆక్సిజన్ వాడేది, అమ్మోనియా వదిలేది ఆ ఒళ్లే. 27 ఇంతలు అని అచ్చంగా అనలేం, పెద్ద చేప ఒక్కో గ్రాముకి చిన్నదాని కంటే కొంచెం తక్కువే వాడుతుంది, అయినా ఎన్నో రెట్లు పెరిగిందనేది మాత్రం ఖాయం. ఆ ట్యాంకులోకి ఏడు నెలల్లో ఎన్ని కొత్త చేపలు వచ్చినట్టో మీరే చూడండి, ఒక్కటి కూడా కొనకుండానే. గాలనుకి ఒక అంగుళం చేప అనే పాత లెక్క తప్పుదోవ పట్టించేది కూడా ఇక్కడే, అంగుళం చేపలు పదీ, పది అంగుళాల చేప ఒకటీ సమానమంటుంది అది.

ఇంకా నీళ్లలో అసలు ఆక్సిజన్ ఉండేదే చాలా కొంచెం. లీటరు గాలిలో 270 మిల్లీగ్రాములకి పైనే ఉంటుంది, లీటరు మంచినీళ్లలో 25 డిగ్రీల దగ్గర నిండా పట్టినా 8.3 మిల్లీగ్రాములే, 30 డిగ్రీలకి వెళ్తే 7.5 దగ్గరికి పడిపోతుంది. పైగా నీళ్లు వేడెక్కిన కొద్దీ చేప ఇంకా ఎక్కువ అడుగుతుంది. మీ ట్యాంక్ నిండా పోస్తే 70 లీటర్లు, రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 55 నుంచి 60 మధ్య ఉంటుంది. ఆ కాస్త నీళ్లలో ఉన్నది ఏడు గంటలపాటు అన్ని చేపలూ, మొక్కలూ, రాళ్లలో ఇరుక్కున్న మేత కుళ్లబెట్టే సూక్ష్మజీవులూ పంచుకున్నాయి. ఆక్సిజన్ కొరతలో సాధారణంగా ముందు పెద్ద చేప పోతుంది, మోలీల్లాంటివి పైపొర నీళ్లు తాగుతూ ఇంకొంచెం నెట్టుకొస్తాయి. మీకు జరిగిందీ అదే.

బుడగల గురించి కూడా ఒక మాట. బుడగ నీళ్లలో ఉండేది రెండు మూడు సెకన్లు, దాన్నుంచి కలిసేది కొంచెమే, ఎక్కువ పని జరిగేది బుడగ పైకొచ్చి నీళ్ల పైభాగాన్ని కదిలించినప్పుడు. కాబట్టి మోటర్ సైజు కన్నా పైన నీళ్లు కదులుతున్నాయా లేదా అనేది చూడాలి. ఫిల్టర్ నీళ్లొచ్చే మూతిని పైకి తిప్పి అల లేచేలా పెట్టండి. పైన నూనెలా పొర కట్టి ఉంటే కాగితం పరిచి తీసేయండి, మూత గట్టిగా మూసి ఉంటే కొంచెం సందు వదలండి.

ఒక అనుమానం మాత్రం ఉంది. స్పాంజ్ కుళాయి కింద కడిగానన్నారు. చచ్చిన చేప మొప్ప ఎత్తి చూశారా, ఏ రంగులో ఉంది? వీలైతే ఈ రోజే అమ్మోనియా, నైట్రైట్ టెస్ట్ చేసి అంకెలు చెప్పండి.

గాజుతొట్టి:
అన్నా మీరడిగాక గుర్తొచ్చింది. పాతిపెట్టే ముందు చూశా, మొప్పలు ఎర్రగా లేవు, తుప్పు పట్టినట్టు గోధుమ రంగులో ఉన్నాయ్, చచ్చిపోయింది కదా అందుకేమో అనుకున్నా. ఇప్పుడే కిట్ తెచ్చి చూశా, నీళ్లు మార్చిన తర్వాత కూడా అమ్మోనియా 0.5, నైట్రైట్ 1 చూపిస్తోంది. మోటర్, ఫిల్టర్ మధ్యాహ్నం నుంచి ఆపకుండా నడుస్తున్నా షార్క్‌లు ఇంకా పైనే ఉన్నాయ్.

నీటికుండ:
చనిపోయి చాలాసేపైనా రంగు మారుతుంది కాబట్టి ఒక్క మొప్పని చూసి తేల్చలేం, కానీ నైట్రైట్ 1 తోడైతే మాత్రం విషయం అర్థమవుతోంది. మీకు రెండు సమస్యలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. నైట్రైట్ మొప్పల గుండా రక్తంలోకి పోయి హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ మోయలేని రకంగా మార్చేస్తుంది, రక్తం గోధుమ రంగుకి తిరుగుతుంది. అప్పుడు నీళ్లలో ఆక్సిజన్ నిండా ఉన్నా చేపకి ఊపిరాడదు. మోటర్ గంటసేపు గట్టిగా నడిపినా చేపలు కిందికి దిగట్లేదంటే నైట్రైట్ చూడమనేది అందుకే.

ఇది ఎలా వచ్చిందంటే, అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఉండేది ఆ స్పాంజ్‌లో, రాళ్ల మీద. వాటికీ ఆక్సిజన్ కావాలి, అమ్మోనియాలోని 1 గ్రాము నత్రజనిని నైట్రేట్ దాకా తీసుకెళ్లడానికి 4 గ్రాములకి పైగా ఆక్సిజన్ ఖర్చవుతుంది. రోజూ రాత్రి ఏడు గంటలు ఫిల్టర్ ఆగిపోతే స్పాంజ్ లోపల వాటికి ఊపిరాడదు, మిగిలినవాటిని నెలకోసారి క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతో కడిగేశారు. చేపలు చిన్నగా ఉన్నప్పుడు ఆ కాస్త బాక్టీరియాతోనే బండి నడిచింది.

రేపు, ఎల్లుండి కూడా 40 శాతం చొప్పున మార్చండి. అయోడిన్ కలపని ఉప్పు 10 లీటర్లకి 1 గ్రాము చొప్పున, అంటే మీకు 6 గ్రాములు, మగ్గులో కరిగించి మెల్లగా పోయండి. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ని లోపలికి పోనివ్వదు. ఇంత కొంచెం ఉప్పుతో చేపలకి ఏం కాదు. నీళ్లు మార్చినప్పుడు తీసిన నీళ్లకి సరిపడా ఉప్పే మళ్లీ వేయండి, మొత్తానికి కాదు. స్పాంజ్ ఇక మీదట ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండండి, అది చూడ్డానికి మురిగ్గా ఉన్నా పర్లేదు.

నాచుపచ్చ:
సౌండ్ విషయానికొస్తే, మోటర్ చెక్క మీద పెడితే చెక్క కూడా మోగుతుంది. మడతపెట్టిన టవల్ మీదో, స్పాంజ్ ముక్క మీదో పెట్టండి, గోడకి తగలకూడదు. మోటర్ ట్యాంక్ నీళ్ల మట్టం కంటే పైన ఉండాలి లేదా గొట్టానికి వెనక్కి నీళ్లు రానివ్వని వాల్వ్ పెట్టాలి, లేకపోతే కరెంట్ పోయినప్పుడు నీళ్లు మోటర్‌లోకి వచ్చేస్తాయి. ఎయిర్ స్టోన్ (గొట్టం చివర బుడగలొచ్చే రాయి) పాతదైతే రంధ్రాలు మూసుకుపోయి మోటర్ ఒత్తిడితో ఇంకా గట్టిగా అరుస్తుంది, అది మార్చి చూడండి. కరెంట్ ఎక్కువసేపు పోతే మగ్గుతో ట్యాంక్ నీళ్లే ముంచి పైనుంచి పోస్తూ ఉండండి, బాటరీ పంపు ఒకటి ఉంటే ఇంకా నిశ్చింత.

చేపల సంగతి మాత్రం వాయిదా వేయొద్దండి. ఆ షార్క్‌లు మీటరు దాటి పెరిగే రకం, ఏ ఇంటి ట్యాంకులోనూ పట్టవు. గోల్డ్ ఫిష్‌కి చల్లటి నీళ్లు కావాలి, ఏంజెల్‌కి వెచ్చటివి, ఈ రెండూ ఒకచోట ఉంటే ఒకటి ఎప్పుడూ ఇబ్బందిలోనే ఉంటుంది. తీసుకునేవాళ్లని వెతకండి, చెరువులోనో వాగులోనో మాత్రం వదలకండి, సక్కర్‌లు అలా వదిలేసిన చోట పాతుకుపోయి అక్కడి చేపల్ని ఇబ్బంది పెడుతున్నాయ్.

రంగుతోక:
నావి టెట్రాలు, గప్పీలే అన్నా, మీరన్నది కరెక్ట్. పెరిగితే ఎంతవుతాయో చూసుకోకుండా పోయిన వారమే రెండు ఆస్కార్ పిల్లలు తెచ్చా. వెనక్కి ఇచ్చేస్తా.

గాజుతొట్టి:
ఆరు రోజులైంది, చెప్పాలని వచ్చా. మోటర్ టవల్ మీద పెట్టి స్టోన్ మార్చాక పిల్లాడు హాయిగా పడుకుంటున్నాడు, రాత్రి ఇక ఆపట్లేదు. షార్క్‌లు, మూడు గోల్డ్ ఫిష్‌లు తెలిసినవాళ్ల ఇంట్లో సిమెంట్ తొట్టెలోకి వెళ్లిపోయాయ్, చాలా పెద్దది, వాళ్లకి ఫౌంటెన్ కూడా నడుస్తుంది. షార్క్‌ల సైజు చెప్తే వాళ్లు కూడా ఆలోచనలో పడ్డారు, ఇంకో చోటు చూస్తున్నాం. నైట్రైట్ నిన్న 0.25కి దిగింది. ఈ రోజు ఐదింటికే లేచి సెల్ లైట్ వేయకుండా చాలాసేపు చూశా, ఏంజెల్స్ రెండూ మొక్క పక్కన కదలకుండా నిలబడి ఉన్నాయ్, మొప్పలు మెల్లగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయ్, పైన ఒక్కటి కూడా లేదు. సక్కర్ 15 సెంటీమీటర్లుంది, దాన్ని కూడా ఇచ్చేయాలా లేక ఇంకొన్నాళ్లు ఉంచుకోవచ్చా?

నీటికుండ:
నైట్రైట్ సున్నాకి వచ్చేదాకా ఉండనివ్వండి, మీరు చూస్తూనే ఉన్నారు కదా. కానీ అది అడుగు దాటి పెరుగుతుంది, ఇప్పట్నుంచే చోటు వెతుకుతూ ఉండండి.