సమస్యాపూరణం: కదలకున్న బొమ్మ కదలెఁ జూడ

నిర్వాహకుడు

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

*కదలకున్న బొమ్మ కదలెఁ జూడ*

విషయం, ఈ మధ్య చూసిన జపాను యానిమేషన్. సినిమా అయినా సిరీసయినా సరే. పద్యం కింద ఏది నచ్చింది, ఎందుకు నచ్చింది అన్నది రెండు ముక్కలు వచనంలో రాయాలి. "సూపర్, కేక" అని ఊరుకుంటే లెక్కలోకి రాదు.

కొత్తవాళ్ల కోసం: బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, ప్రాసయతి చెల్లుతుంది. పేర్ల దగ్గర జాగ్రత్త. ‘అకీరా’, ‘ఎవాంగెలియన్’ లఘువు, ఆ వెంటనే గురువుతో మొదలవుతాయి. సూర్య, ఇంద్ర గణాల్లో అలా మొదలయ్యేది ఒక్కటీ లేదు. గణం మొదట్లో పెట్టారా, పాదం అక్కడే విరుగుతుంది. ముందొక గురువు ఉంటే రగణంలో ఇరుకుతాయి. ‘సుజుమె’ మూడు లఘువులు, హాయిగా సూర్యగణం. ‘ఫ్రీరెన్’ వెనక ఒక లఘువు తగిలిస్తే తగణం.

సెల్‌రంగు

మోము నిలిచి యుండ మూడు నోళ్లను మార్చి
మాటలాడఁజేసె మాయ తోడ
ధనము కొఱత యైనఁ దలఁపునఁ గొఱతయె?
కదలకున్న బొమ్మ కదలెఁ జూడ

చూసింది ‘తెత్సువాన్ అతొము’ (ఇంగ్లీషులో ‘ఆస్ట్రో బాయ్’) పాత ఎపిసోడ్లు. 1963 జనవరి 1న మొదలైంది, తెజుకా ఒసాముగారి ముషి ప్రొడక్షన్ తీసింది. వారానికొక ఎపిసోడ్ అందించాలి, డబ్బు తక్కువ. అందుకని ముఖం ఒక్కసారే గీసి, దాని మీద మూసిన నోరు, సగం తెరిచిన నోరు, పూర్తిగా తెరిచిన నోరు మారుస్తూ పోయారు. ఆ మూడు నోళ్ల పద్ధతి నేటికీ పోలేదు. కథ వేగం బాగుంది. పరుగుల దగ్గర మాత్రం అవే బొమ్మలు మళ్లీ మళ్లీ రావడం తెలిసిపోతుంది.

నిర్వాహకుడు

మూడో పాదం ఈ పద్యానికి ప్రాణం. సమస్యలో వైరుధ్యం కూడా చక్కగా విడిపోయింది: కదలనిది మోము, కదిలింది నోరు. ఒక్క మాట. ఈ ఉపాయం ఎదురుగా ఉన్న ముఖానికే సుఖం. పక్కకు తిరిగిన ముఖానికి నోటితోపాటు గడ్డం గీత కూడా మారాలి. అది మార్చకపోతే బుగ్గ మీద నోరు అతికించినట్టు కనబడుతుంది. మాట్లాడుతూ తల తిప్పితే ఇక పొదుపు లేదు, అన్నీ గీయాల్సిందే.

మూడుకొమా

ఎనిమి దైనఁ జాలు నిరువది నాల్గేల
సెకను లోన బొమ్మ చెలఁగి యాడఁ
గదపరాని చోటఁ గదపని నేర్పుతోఁ
కదలకున్న బొమ్మ కదలెఁ జూడ

సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే 12 బొమ్మలు, మూడేసి నిలిపితే 8. జపాను టీవీ యానిమేషన్ ఎక్కువగా ఆ ఎనిమిదితోనే నడుస్తుంది. బొమ్మలు ఎక్కువైతేనే గొప్ప అనుకునేవారి కోసం రాశాను.

అరసున్న

భావం భేష్. వ్యాకరణం దగ్గర జారారు. ‘నేర్పుతోన్’ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని తర్వాత ‘కదల’ వస్తే ‘గదల’ కావాల్సిందే. ఇచ్చిన సమస్యలో అక్షరం మార్చే హక్కు మనకు లేదు. రెండో పాదం చివర ‘యాడఁ గదపరాని’ అని మీరే సరిగ్గా చేశారు, ఇక్కడ మరిచారు. ‘నేర్పుతోఁ’ తీసేసి ‘నేర్పది’ అనండి. గురువు, రెండు లఘువులు, భగణం. ప్రథమాంతం కాబట్టి ద్రుతం గొడవ ఉండదు.

మూడుకొమా

సరిదిద్దాను: *గదపరాని చోటఁ గదపని నేర్పది*. ధన్యవాదాలండి.

సెల్‌రంగు

విషయం మీద నాకో అభ్యంతరం. ఎనిమిది అన్నిచోట్లా చాలదు. మనిషి నడుస్తుంటే వెనక దృశ్యం ప్రతి ఫ్రేముకూ జరుగుతుంది, మనిషి బొమ్మేమో మూడు ఫ్రేములకోసారి మారుతుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరక పాదం నేల మీద జారుతున్నట్టు, ఒళ్లు వణికినట్టు ఉంటుంది. అలాంటి షాటులో ఒక్కో ఫ్రేముకు ఒక్కో బొమ్మ గీయాలి, లేదా నడుము పైభాగం మాత్రమే చూపించి కాళ్లు తప్పించాలి. చాలామంది చేసేది రెండోదే.

మూడుకొమా

ఒప్పుకుంటాను. ‘కదపరాని చోట’ అన్నది అందుకే.

కిటికీ

వెనుక నుండి చూడ వీపొక్కటే తోఁచు
గీఁత గీయు సడియె గీత మయ్యె
ఋతువు లెన్నొ మారె నింతి యెత్తదు తల
కదలకున్న బొమ్మ కదలెఁ జూడ

‘లుక్ బ్యాక్’, 2024. దర్శకుడు ఒషియామా కియొతకా. నిడివి 58 నిమిషాలే. బొమ్మలకథలు గీసే ఇద్దరమ్మాయిల కథ. పెన్సిలు గీతల గరుకుదనాన్ని తుడిచి నున్నగా చేయకుండా తెర మీద అలాగే ఉంచారు. గీయడం గురించిన సినిమాలో గీత కనబడాలి కదా! ఈ మధ్య చూసినవాటిలో దీనికే నా మొదటి పీట.

అరసున్న

రెండో పాదం చదవగానే ఆగిపోయాను. గీఁత, గీత: అరసున్న ఒక్కటే తేడా. అరసున్నలు మాకెందుకు అనేవాళ్లకు ఈ పాదం చూపించాలి.

మూడో పాదంలో రెండు చిక్కులు. ‘అయ్యెన్’ తర్వాత అచ్చు వస్తే నకారం వచ్చి చేరాలి, మీరు ‘ఋతువు’ను విడిగా వదిలేశారు. రెండోది, ఆ ఇద్దరమ్మాయిల్లో ఒకరైన ఫుజినో కథ మొదట్లో నాలుగో తరగతి పిల్ల. ‘ఇంతి’ యతి కోసం వచ్చిందని తెలిసిపోతోంది. ఇలా చూడండి: *వత్సరములు గడచె, బాల యెత్తదు తల*. వకార బకారాలకు యతి చెల్లుతుంది, రెండు చిక్కులూ పోతాయి.

కిటికీ

బాల బాగుంది, పెట్టుకుంటాను. కాని ‘ఋతువులు’ పోవడం కష్టంగా ఉంది. కిటికీ అవతల కాలం మారుతూ ఉండడమే ఆ ఘట్టం. ‘వత్సరములు’ అంటే పంచాంగం తిరగేసినట్టుంది.

సెల్‌రంగు

ఆ వీపు కూడా పూర్తి నిశ్చలం కాదు, గీస్తున్నంతసేపూ భుజం కదులుతూనే ఉంటుంది. వీపును అలా నటింపజేయడం ముఖాన్ని నటింపజేయడం కన్నా కష్టం. కళ్లు, నోరు అనే ఊతం ఉండదు మరి.

అలనీలం

కత్తి దూసినంతఁ గడలి పొంగును రేఁగి
రంగు లొలుకు నలలు రాలి చిందు
నిలిచి చూడఁ గదలె నిజముగాఁ బటమెల్ల
కదలకున్న బొమ్మ కదలెఁ జూడ

‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్’. మన దగ్గర 2025 సెప్టెంబరు 12న వచ్చింది, తెలుగు డబ్బింగ్ కూడా ఉంది. థియేటర్లో చూడాల్సిన సినిమా.

నిర్వాహకుడు

గణాలు, యతులు నిర్దోషం. సమస్య మాత్రం పూరణ కాలేదు. ‘కదలకున్న బొమ్మ’ ఏది? మొదటి పాదం నుంచీ అన్నీ కదులుతూనే ఉన్నాయి. నాలుగో పాదం తీసేసినా పద్యం నిలబడుతోంది, అదే దీని లోపం. పైగా ‘చూడ, కదలె’ మూడులోనూ నాలుగులోనూ ఉన్నాయి, పునరుక్తి.

పరిష్కారం ఆ సినిమాలోనే ఉంది. వేటు పడే ముందు వాళ్లు బొమ్మను కొన్ని ఫ్రేములు బిగబట్టి ఆపుతారు. జపాను యానిమేటర్లు దాన్ని ‘తమె’ అంటారు. ఆ ఆపు లేకపోతే ఎంత పెద్ద అల వచ్చినా బరువుండదు, నీళ్లు చల్లినట్టుంటుంది. అక్కడ పట్టుకోండి.

అలనీలం

కత్తి దూయు దాఁకఁ గదలక నిలిచెను
రంగు లొలుకు నలలు రాలి చిందు
నిలిచి నంత సేపు నెత్తురు మరిగించి
కదలకున్న బొమ్మ కదలెఁ జూడ

నిర్వాహకుడు

ఇప్పుడిది పూరణ. ‘నెత్తురు మరిగించి’ దగ్గర యతి కోసం వెతుకులాడినట్టే లేదు. సినిమా గురించి నా మాట: 155 నిమిషాల్లో పోరు ఊపందుకున్న ప్రతిసారీ గతం చెప్పడానికి ఆపారు. అకజా అనే రాక్షసుడి గతం దగ్గర ఆ ఆపు ఫలించింది. మిగతాచోట్ల కత్తి దూయబోయి ఒరలో పెట్టేసినట్టుంది.

మూడుకొమా

ఇంకొకటి.

లిఫ్టు లోనఁ బడతు లిరువురు నిలువంగ
నిమిష మొకటి గడచె నిశ్చలముగ
మాట లేని మంట మనసులో రగిలించి
కదలకున్న బొమ్మ కదలెఁ జూడ

పేరు ఎత్తలేదు, లగారంభం (లఘువు, గురువుతో మొదలవడం) భయం! ‘ఎవాంగెలియన్’ 22వ ఎపిసోడ్. లిఫ్టులో అసుకా, రేయి అనే అమ్మాయిలు.

సెల్‌రంగు

ఆ నిలుపు నిమిషానికి కాస్త తక్కువే, పద్యం కాబట్టి వదిలేద్దాం. కాని అది ఎందుకు పని చేసిందో చెప్పాలి. బొమ్మ ఆగింది, చప్పుడు ఆగలేదు: లిఫ్టు నడిచే రొద అలా సాగుతూనే ఉంటుంది. ఆ రొద కూడా తీసేస్తే వీడియో ఇరుక్కుందనుకుని రిమోటు వెతుక్కుంటారు. నిలుపు బొమ్మ కింద ఏదో ఒక చప్పుడు పారుతూ ఉండాలి, గాలో, గడియారమో, సంగీతమో. 24వ ఎపిసోడ్ చివర్లో ఇంకో పెద్ద నిలుపు ఉంది, దాని కింద బేతోవెన్ తొమ్మిదో సింఫనీ.

నిర్వాహకుడు

నా వంతు:

ఏఁబదేండ్లు గడచె నెల్లరు ముదిమిచే
వడలి రామె మోము వాడ దయ్యె
నేల చూచు చూపు నీడలో దుఃఖమై
కదలకున్న బొమ్మ కదలెఁ జూడ

‘ఫ్రీరెన్’, 2023, మ్యాడ్‌హౌస్, దర్శకుడు సైతో కెయిచిరో. ఫ్రీరెన్ మనుషుల కన్నా ఎన్నో రెట్లు బతికే మాంత్రికురాలు. మొత్తం 28 ఎపిసోడ్లు, మొదటి నాలుగూ ఒకే రాత్రి వేశారు. అది మంచి పని. మొదటి ఎపిసోడ్ ఒక్కటే చూసి వదిలేస్తే, యాభై ఏళ్లు కొద్ది షాట్లలో దాటేయడం తొందరపాటుగా అనిపించేది. మాంత్రికుల పరీక్ష మొదలయ్యాక మనుషులు ఎక్కువై నెమ్మది తగ్గింది, నాకు మొదటి సగమే ఇష్టం.

అరసున్న

పాత సహచరుడు హిమ్మెల్ అంత్యక్రియల దగ్గర ఫ్రీరెన్ ఏడుస్తుంది కదండీ. కన్నీరు కదిలాక ‘కదలకున్న’ ఎలా?

నిర్వాహకుడు

దొరికిపోయాను. ఏడుపుకు ముందున్న చూపు అని సమర్థించుకోవచ్చు, కాని పద్యంలో ఆ ‘ముందు’ లేదు. మూడో పాదం మళ్లీ రాస్తాను.

వచ్చే వారానికి తేటగీతి. 1992 నాటి జపాను రామాయణం 2025 జనవరి 24న తెలుగులో కూడా విడుదలైంది, దాన్ని తలచుకుని:

*తెలుఁగు రాని రాముఁడు పల్కెఁ దెలుఁగు లోన*