అప్‌డేట్: తడి ఇసుకలో డిటెక్టర్ గోల తగ్గింది

పోయిన నెల అడిగాను కదా, న్యూజెర్సీ బీచ్‌లో పొడి ఇసుక మీద బాగానే పనిచేసే నా మెటల్ డిటెక్టర్ అలలు తడిపే చోటికి వెళ్లగానే ఆగకుండా కూస్తోందని. పాడైందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. పాడవలేదు. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది కాబట్టి, ఒకే ఫ్రీక్వెన్సీతో నడిచే మిషన్‌కి తడి ఇసుక కూడా లోహంలాగే తోస్తుందట.

మీరు చెప్పినట్టే సెన్సిటివిటీ (మిషన్ ఎంత చిన్న సిగ్నల్‌కి స్పందించాలో చెప్పే సెట్టింగ్) సగానికి దించి, ఆ తడి ఇసుక మీదే మళ్లీ గ్రౌండ్ బ్యాలెన్స్ చేశాను, అంటే నేల నుంచి వచ్చే సిగ్నల్‌ని పట్టించుకోకుండా మిషన్‌ని సర్దాను. కాయిల్ (నేల మీద ఆడించే గుండ్రటి భాగం) పైకి లేవకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పాను. కూత చాలావరకు ఆగింది. లోతు కొంత తగ్గింది, అది తప్పదు.

నిన్న ఆటు సమయంలో రెండు గంటలు తిరిగితే మూడు క్వార్టర్లు (పాతిక సెంట్ల నాణేలు), గాలానికి కట్టే సీసపు గుండ్లు, బోలెడన్ని కూల్‌డ్రింక్ డబ్బాల రింగులు దొరికాయి. రింగులు విసుగే, కానీ సన్నటి బంగారు ఉంగరానికి కూడా డిటెక్టర్ తెర మీద దాదాపు అదే నంబరు కనిపిస్తుంది, అందుకే అన్నీ తవ్వుతున్నాను. పిల్లలు పరిగెత్తే చోటు కదా, ప్రతి గుంతా పూడ్చాకే కదులుతున్నాను.

కాయిల్‌ని మంచినీళ్లతో కడగమని గుర్తు చేసిన అన్నయ్యకి చాలా థాంక్స్. డబ్బులు కూడాక ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలతో నడిచే మల్టీ ఫ్రీక్వెన్సీ మిషన్ కొంటాను.