సమస్య: గోలు గాచువాఁడు గోలు గొట్టె

పద్యప్రియ:
ఈ వారం సమస్య ఇదిగో. ఆటవెలది నాలుగో పాదం. దీని ముందు మూడు పాదాలు కట్టి పద్యం పూరించాలి.

గోలు గాచువాఁడు గోలు గొట్టె

ఐదూ సూర్యగణాలే, అంటే గురువు-లఘువు గాని, మూడు లఘువులు గాని. పాదం మొదటి అక్షరం ‘గో’కు నాలుగో గణం మొదట్లో ‘గో’ జత కుదిరింది, అదే యతి. కాచు, కొట్టె అన్నవి సంధిలో గాచు, గొట్టె అయ్యాయి. చూడగానే పొసగనట్టుంటుంది కదా, కాపలా ఉన్నవాడు గోలు కొట్టడమేమిటని! నాకు ఈ పాదం తజికిస్తాన్‌తో మన ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తుంటేనే తట్టింది. 2025 ఆగస్టు 29న మధ్య ఆసియా వాళ్ళ కాఫా నేషన్స్ కప్‌లో మనవాళ్ళు 2-1తో గెలిచారు. కోచ్‌గా ఖాలిద్ జమీల్‌కి అదే మొదటి మ్యాచ్. ఆ రెండు గోళ్ళు ఎవరివి? అన్వర్ అలీది ఒకటి, సందేశ్ జింగన్‌ది ఒకటి. ఇద్దరూ డిఫెండర్లే. గెలిచామని సంతోషం, ముందువరుస ఏం చేస్తోందని దిగులు, రెండూ ఒకేసారి కలిగాయి.

ఒక్క షరతు. సెల్ఫ్ గోల్‌తో పూరించొద్దు. అది అందరికీ తట్టే దారి. నిజంగా జరిగిన ఆటో, మీరు ఆడిన ఆటో తీసుకోండి.

అమ్ముగూడ:
అమ్మా, ఈ సమస్యకి నా దగ్గర 1962 నాటి జవాబు ఉంది.

తలను గుట్లతోడ దాడికి దిగినాఁడు
వెనుక నుండు సింగు వేటకొఱకు
రహిము గురువు మాట రామబాణమ్మయ్యె
గోలు గాచువాఁడు గోలు గొట్టె

జకార్తా ఆసియా క్రీడలు. జర్నయిల్ సింగ్ సెంటర్ బ్యాక్, అంటే వెనక మధ్యలో గోలుకి కాపు. థాయ్‌లాండ్‌తో ఆటలో తల పగిలి కుట్లు పడ్డాయి. ఆ తలతో వెనక నిలబడి ప్రతి బంతికీ ఎగరాలంటే కష్టం. అలాగని అంతటివాణ్ణి బయట కూర్చోబెట్టలేరు. మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ అతన్ని తీసుకెళ్ళి ముందువరుస మధ్యలో, సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. పీ.కె. బెనర్జీ ఒకటి, జర్నయిల్ ఒకటి. ముందు పీ.కె., చునీ గోస్వామి, మా సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఉన్న జట్టండీ అది! అటువంటి వరుసలోకి కూడా ఒక డిఫెండర్‌ని జొప్పించే ధైర్యం రహీమ్ సాబ్‌ది. అప్పటికే ఆయనకు క్యాన్సర్. మరుసటేడు పోయారు. మా నాన్న ఈ కథ అన్నం తింటూ చెప్పేవారు, కొరియా గోలు దగ్గరికి వచ్చేసరికి ముద్ద చేతిలోనే ఆగిపోయేది.

లఘువు:
బాబాయ్‌గారూ, మొదటి రెండు పాదాలు అద్భుతం. తల, కుట్లు, వెనుక, వేట, అన్నీ కళ్ళకు కట్టాయి. మూడో పాదంలో నాకు రెండు పట్టింపులున్నాయి. ఆయన పేరు రహీమ్. గణం కోసం ‘రహిము’ అని హ్రస్వం చేశారు. అంతటివాడి పేరు నలపడం నాకు నచ్చలేదు. రెండోది, రామబాణం అందరూ వాడేదే. ఇలా చూడండి:

గురు రహీము మాట గురియైన బాణమై

గురుర, హీము, మాట: మూడూ సూర్యగణాలు. గురియైన సలం, బాణమై రగణం, బేసి పాదం చివర రావలసిన రెండు ఇంద్రగణాలు. ‘గు’కు ‘గు’ యతి. పేరు నిండుగా ఉంది, ‘గురి’ కూడా వచ్చింది.

అమ్ముగూడ:
నాయనా, దీర్ఘాన్ని రెండో గణంలోకి జరిపేశావే! నాకు తట్టనే లేదు. నీ పాదమే ఉంచుతున్నాను.

తొమ్మిదో నంబరు:
నేను కాపలా అర్థంలో పూరించలేదు. ‘కాచు’ అంటే వేచి ఉండడం కూడా కదా.

వయసు నలువదైన వాడిపోలేదులే
పరుగు తక్కువైనఁ బదును హెచ్చె
బంతి వచ్చు చోటు పసిగట్టి మన ఛేత్రి
గోలు గాచువాఁడు గోలు గొట్టె

మన జట్టు కెప్టెన్‌గా ఉన్న సునీల్ ఛేత్రి 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో ఆడి వీడ్కోలు తీసుకున్నాడు, 94 గోళ్ళతో. 2025 మార్చిలో మళ్ళీ పిలిస్తే వచ్చి షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 95వది కొట్టాడు. ఆ మ్యాచ్ 3-0.

లఘువు:
‘వాడిపోలేదు’ దగ్గర ఆగిపోయాను. వాడిపోలేదు అంటే వసివాడలేదు. వాడి పోలేదు అంటే చురుకు తగ్గలేదు. కింద పాదంలో ‘పదును’ దానికి తోడు. మంచి శ్లేష. కానీ ‘గోలు గాచు’ అంటే గోలు కోసం వేచి ఉండు అని వస్తుందా? ‘గోలుకై కాచు’ అనాలి కదా.

పద్యప్రియ:
వస్తుంది తమ్ముడూ. ‘దారి కాచాడు’ అంటాం. దారిని కాపాడాడని కాదు కదా, దారిలో మాటు వేశాడని. అదే వరసలో ‘గోలు కాచాడు’ చెల్లుతుంది. ఛేత్రి ఆట తెలిసినవాళ్ళకి మాటు వేయడం అన్నది ఇంకా బాగా పడుతుంది. అతను పెద్ద పొడగరి కాదు, అయినా హెడర్లు పెడతాడు. బంతి ఎక్కడ దిగుతుందో డిఫెండర్ కన్నా అర అడుగు ముందే అక్కడ ఉంటాడు. ‘బంతి వచ్చు చోటు పసిగట్టి’ అన్న పాదం నాకు అందుకే నచ్చింది.

గచ్చిబౌలి గ్యాలరీ:
పద్యానికి దండం పెడతాను కానీ సెలెక్షన్‌ని ఒప్పుకోను అన్నా. నలభై ఏళ్ళవాణ్ణి వెనక్కి పిలిస్తే ఇరవై రెండేళ్ళవాడు ఎప్పుడు నేర్చుకుంటాడు? మాల్దీవుల తరవాత వారానికే అదే షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0. ఒక్కడి మీదే భారం వేస్తే అంతే.

తొమ్మిదో నంబరు:
అలా అంటే ఎలా తమ్ముడూ? 2024-25 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ఛేత్రి 14 గోళ్ళు కొట్టాడు. మన దేశపు ఆటగాళ్ళలో అతనిదే మొదటి స్థానం. నువ్వు చెప్పే ఇరవై రెండేళ్ళవాడు ఎక్కడున్నాడో చూపించు. కోచ్ పిలవాల్సింది గోళ్ళు కొడుతున్నవాణ్ణి. వయసు చూసి పక్కన పెట్టమంటే ఆటకి అన్యాయం.

గచ్చిబౌలి గ్యాలరీ:
చూపించలేను. నా బాధ కూడా అదే. నా పూరణ వినండి:

గచ్చిబౌలిలోనఁ గంఠాలు బొంగురు
పోవ మూలబంతి పొంగి రాగ
మలయజట్టు మఱువ మన భేకె తలయెత్తె
గోలు గాచువాఁడు గోలు గొట్టె

2024 నవంబరు 18, మలేసియాతో మ్యాచ్. నేను కార్నర్ జెండాకి దగ్గరగా కూర్చున్నాను. మొదట మన కీపరు బంతి కోసం గోలు వదిలి ముందుకొచ్చాడు, వాళ్ళు ఖాళీ గోలులోకి కొట్టేశారు. స్టేడియం అంతా చప్పబడిపోయింది. కాసేపటికి కార్నర్ వచ్చింది. బంతి గాల్లోకి లేచేసరికి నా ముందు వరసలో ఓ తాత లేచి నిలబడ్డాడు, ఒక చెప్పు జారి కింది మెట్ల మీదికి పోయింది. మన డిఫెండర్ రాహుల్ భేకె తల ఆడించాడు, గోల్! తాత ఒంటి చెప్పుతోనే గెంతుతున్నాడు. విరామం దాకా ఆ చెప్పు తెచ్చుకోలేదు. మ్యాచ్ 1-1తో ముగిసింది.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ఆ ఏడాది మనం 11 మ్యాచ్‌లు ఆడాం, ఒక్కటీ గెలవలేదు. మొత్తం నాలుగు గోళ్ళు. అందులో ఒకటి డిఫెండర్‌ది. అదీ మా ఊళ్ళో.

లఘువు:
‘పోవ మూలబంతి పొంగి రాగ’, ఈ పాదాన్ని నేను ముట్టుకోను. కార్నర్ కిక్‌కి ‘మూలబంతి’ ఎంత హాయిగా ఉంది! ‘మలయ’ అనగానే మనకి మలయమారుతం గుర్తొస్తుంది, అయినా జట్టు పక్కన ఉంది కాబట్టి అర్థానికి ఇబ్బంది లేదు.

ఒక మాట. కార్నర్‌కి డిఫెండర్ గోలు కొట్టడం చిన్నతనమేమీ కాదు. పొడగరి వాళ్ళే, ఆ పనికే ముందుకు పంపుతారు. దాన్ని కూడా దాడిలో భాగమనే అనుకోవాలి.

తొమ్మిదో నంబరు:
భాగమే, కాదనను. కానీ ఆడుతూ ఆడుతూ బంతిని లోపలికి తెచ్చి కొట్టే గోలు ఏది? అసలు జబ్బు క్లబ్బుల్లో ఉంది. నా రెండో పూరణ:

ముందువరుస నెల్ల మొనగాండ్రు పరదేశు
లైన జట్లతోడ లాభమేమి
మనకుఁ దొమ్మిదేది? మరలఁ జివరి కిట్లు
గోలు గాచువాఁడు గోలు గొట్టె

2024-25లో ఐఎస్ఎల్ టాప్ స్కోరర్ నార్త్ఈస్ట్ యునైటెడ్ తరఫున ఆడిన మొరాకో ఆటగాడు అజారయీ, 23 గోళ్ళు. ముందువరుస మధ్యలో నిలిచి గోలు కొట్టే తొమ్మిదో నంబరు స్థానం దాదాపు ప్రతి క్లబ్బూ విదేశీ ఆటగాడికే ఇస్తుంది. మన కుర్రాడు ముందువరుస వాడైతే అతన్ని పక్క అంచుకి, అంటే వింగుకి జరుపుతారు. మన్వీర్ సింగ్‌ని చూడండి. మోహన్ బగాన్‌లో కుడి వింగులో గీత వెంబడి పరుగెత్తుతాడు, క్రాస్‌లు వేస్తాడు. జాతీయ జట్టుకి రాగానే మధ్యలో నిలబెట్టి గోలుకి వీపు పెట్టి బంతి పట్టుకోమంటాం. ఏడాదంతా చేయని పని పది రోజుల క్యాంపులో ఎలా వస్తుంది? కుడివైపు ఛాంగ్తే, ఎడమవైపు లిస్టన్ ఉన్నారు. క్రాస్ వేసేవాళ్ళకి కొదవ లేదు. అందుకునేవాడే లేడు.

గచ్చిబౌలి గ్యాలరీ:
ఇది చదివితే నాకు గుండె కలుక్కుమంది అన్నా. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ కప్పు కొట్టినప్పుడు నైజీరియా ఆటగాడు ఒగ్బెచే 18 గోళ్ళు వేశాడు. ప్రతి గోలుకీ టీవీ ముందు గంతులు వేశాను. అక్కడ మనవాడొకడు ఉండాలని అప్పుడు ఒక్కసారీ అనుకోలేదు. ఆనాటి కోచ్ మనోలో మార్కెజ్ తరవాత భారత జట్టుకి వచ్చి, ఒగ్బెచే లాంటివాడు లేక అవస్థపడి, చివరికి ఛేత్రినే వెనక్కి పిలిచాడు.

కొత్త కలం:
నమస్కారం అండీ. ఆటవెలది రాయడం ఇదే మొదటిసారి. ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్ అభిమానిని. తప్పులుంటే చెప్పండి.

చివరి నిమిషమందు చేతులే కాదయా
తలయె ఆయుధమ్ము కీపరునకు
అలిసనొక్క పరుగు నందుకొనెను బంతి
గోలు గాచువాఁడు గోలు గొట్టె

2021 మే 16, వెస్ట్ బ్రామ్ మీద. 1-1గా ఉండగా ఇంజురీ టైమ్‌లో కార్నర్ వచ్చింది. కీపర్ అలిసన్ ఆ చివర్నుంచి పరుగెత్తుకొచ్చి హెడర్ పెట్టాడు, 2-1. లివర్‌పూల్ చరిత్రలో గోలు కొట్టిన మొదటి కీపర్ అతనే.

పద్యప్రియ:
రండి రండి. ఇప్పటిదాకా వచ్చినవాటిలో సమస్యకి అచ్చంగా కీపరు అర్థం పట్టింది మీరే. మొదటి పాదం ఒడుపుగా ఉంది. ‘చి’కి ‘చే’ యతి సరిపోయింది. మూడో పాదంలో ‘అ’కి ‘నందు’లోని ‘అం’ కుదిరింది, సంధిలో అచ్చు దాగి ఉన్నా చెల్లుతుంది.

రెండో పాదంలో రెండు లోపాలున్నాయి. ‘తలయె ఆయుధమ్ము’ అని అచ్చు మీద అచ్చు విడిగా వదిలేశారు. పద్యం మధ్యలో అలా విసంధి పనికిరాదు. ఇక యతి: మొదట ‘త’ ఉంది, నాలుగో గణం ‘కీ’తో మొదలైంది. గణాలు ఐదూ సరిగ్గానే పడ్డాయి, ‘కీపరు’ మంచి మాటే. అది నిలబడ్డ చోటు తప్పు. ఇందాక మన్వీర్ గురించి మాట్లాడుకున్నది ఇదే కదా! ఇలా మార్చండి:

తలయు నాయుధమ్ము తనకు ననుచు

‘త’కు ‘త’. కీపరు అన్న మాట ఎలాగూ సమస్యలోనే ఉంది.

కొత్త కలం:
ధన్యవాదాలు అక్కా. ‘తలయు’ అనగానే చేతులతో పాటు తల కూడా అని వచ్చింది. నేను చెప్పాలనుకున్నది అదే, నాకు మాట దొరకలేదు.

చెరువుగట్టు:
నాది మా ఊరి ఆట. పెద్ద పేర్లేమీ లేవు, ఫరవాలేదా?

ఊరి చెఱువులోన నొక్కఁడే మాకెల్ల
కాపు వాఁడె దాడికాఁడు వాఁడె
చెప్పులిటును నటును చేసి గోల్ గుంజలు
గోలు గాచువాఁడు గోలు గొట్టె

లఘువు:
ఫరవాలేదా ఏమిటండీ! ‘కాపు వాఁడె దాడికాఁడు వాఁడె’, ఇంతకన్నా తేటగా ఎవరు చెప్తారు? ఒక్కటే సందేహం, చెరువులో ఆట ఏమిటి?

చెరువుగట్టు:
ఎండాకాలమండీ. చెరువు ఎండితే అదే మా గ్రౌండు. నెర్రెలు విడిచిన మట్టిలో బంతి ఎటు ఎగురుతుందో తెలిసేది కాదు. జట్టుకి నలుగురం. కీపరుగా ఉన్నవాడు బంతి దొరికితే ఇక ఎవరికీ ఇవ్వకుండా ఆ చివరిదాకా తీసుకుపోయేవాడు. వాడు తిరిగొచ్చేలోగా మా గోలు ఖాళీ. అరుచుకుంటూ అందరం వెనక్కి పరుగెత్తేవాళ్ళం.

పద్యప్రియ:
ఆ ఎండ పద్యంలోకి రావాలి. మొదటి పాదం ఇలా ఉంటే?

ఎండు చెఱువులోన నిందఱి కొకఁడుగా

‘ఎ’కి ‘ఇం’ యతి. నీళ్ళ సందేహమూ తీరింది.

చెరువుగట్టు:
తీసుకున్నాను అమ్మా. ‘ఎండు చెఱువు’ అనగానే కాళ్ళకింద మట్టి గుచ్చుకున్నట్టయింది.

అమ్ముగూడ:
ఈ పిల్లవాడి పద్యం నా దానికన్నా బాగుంది. బలరాం కూడా ఇలాంటి మట్టిలోనే మొదలుపెట్టి ఉంటాడు.

పద్యప్రియ:
అందరివీ సవరించిన రూపంలో దాచుకుంటున్నాను. ఛేత్రి గొడవ ఇక్కడ తేలేది కాదు. నా మటుకు నేను తొమ్మిదో నంబరు గారి వైపే. క్లబ్బులు మధ్య స్థానం మనవాళ్ళకి ఇచ్చేదాకా కోచ్ ఎవరొచ్చినా ఇదే తంటా. బంతి లేనప్పుడు ఎలా కదలాలో కూడా ఆ స్థానంలో వారం వారం ఆడితేనే ఒంటపడుతుంది. ఆ మాట మీదే వచ్చే వారం సమస్య, మళ్ళీ ఆటవెలది చివరి పాదమే:

బంతి లేనివాఁడె బంతి నిచ్చె

తొమ్మిదో నంబరు:
డిఫెండర్‌ని పక్కకి లాక్కుపోయి దారి ఖాళీ చేసేవాడు! అక్కా, నాకు ఒక పాదం అప్పుడే వచ్చేసింది.

కొత్త కలం:
నేనూ రాస్తాను. ఈసారి నాలుగో గణం ముందు చూసుకుని, తరవాతే తక్కినవి.