అణు నౌక ప్రయోగ ఘట్టంలో పాచికలు ఎప్పుడు వేయించాలి?

బ్రాడీపేట గేమ్‌మాస్టర్:
అందరికీ నమస్కారం. గుంటూరులో ప్రతి ఆదివారం అయిదుగురం కూర్చుని సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేయింగ్ గేమ్ ఆడుతున్నాం. నడిపించేది నేను. కథాకాలం 2140. సూర్యలంక తీరానికి దూరంగా సముద్రంలో కట్టిన వేదిక మీద నుంచి శనిగ్రహానికి అణు నౌక బయలుదేరాలి. కౌంట్‌డౌన్ ముగిసేలోగా ఇంజనీరు పాత్ర మూడుసార్లు పాచికలు వేసి రియాక్టర్‌ను అక్కడే రాజేయాలని, తప్పితే బాపట్ల దాకా ఊళ్లు ఖాళీ చేయించాలని రాసుకున్నాను. ఆ పాత్ర వేస్తున్న మిత్రుడు, “వేదిక మీద ఉండగానే రియాక్టర్‌ను ఎవరు రాజేస్తారు?” అని పట్టుబట్టడంతో ఆ పూట ఆట ఆగిపోయింది. అతనన్నది నిజమైతే నా ఘట్టంలో ఇక ఉత్కంఠ ఎక్కడుంటుంది?

పటమట పాఠకుడు:
మీ మిత్రుడిదే సరైన మాటండి. రియాక్టర్ తన కక్ష్యకో, గ్రహాంతర మార్గానికో చేరే వరకు దానిలో శృంఖల చర్య (ఒక పరమాణు కేంద్రకం చీలి, వెలువడిన న్యూట్రాన్లు పక్కవాటిని చీల్చుతూ పోవడం; రాజేయడమంటే ఇదే) మొదలుపెట్టరాదని ఐక్యరాజ్యసమితి 1992లో ఆమోదించిన సూత్రాలు చెబుతున్నాయి. అమెరికా 1965 ఏప్రిల్ 3న పంపిన స్నాప్-10ఏ రియాక్టర్‌ను కూడా కక్ష్యకు చేరాకే నడిపారు. అసలు కారణం ఇంధన స్వభావంలో ఉంది: యురేనియం-235 అర్ధాయుష్షు (రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం) సుమారు 70 కోట్ల సంవత్సరాలు కాబట్టి, వాడని ఇంధనం నుంచి వెలువడే రేడియోధార్మికత చాలా తక్కువ, ప్రాణాంతకమైన విచ్ఛిత్తి శకలాలు రియాక్టర్ నడిచిన తరువాతే పోగుపడతాయి. దీన్ని ప్లూటోనియం-238 బ్యాటరీలతో కలిపి చూసే పొరపాటు మన ఆటల్లో తరచూ కనిపిస్తుంది. ఆ ప్లూటోనియం అర్ధాయుష్షు దాదాపు 88 ఏళ్లే, తయారైన రోజు నుంచీ వేడి పుడుతూనే ఉంటుంది, ఆపడానికి స్విచ్ ఉండదు. 1997లో శనిగ్రహానికి బయలుదేరిన కాసినీ నౌకలో ఉన్నవి ఆ బ్యాటరీలే. అందుకే దాని ప్రయోగానికి ముందు నిరసనలు జరిగాయి.

గవర్నర్‌పేట పాచిక:
పటమట వారు చెప్పినదంతా ఒప్పుకుంటాను, అయితే అది విని గేమ్‌మాస్టర్ గారు ప్రయోగ ఘట్టాన్నే వదిలేస్తారేమోనని నా భయం. రాకెట్ విఫలమై రియాక్టర్ బంగాళాఖాతంలో పడితే ఏమవుతుందో ఆలోచించండి. లోపలికి చేరిన నీరు న్యూట్రాన్ల వేగాన్ని తగ్గిస్తుంది, నెమ్మదించిన న్యూట్రాన్లు యురేనియంను మరింత తేలిగ్గా చీలుస్తాయి కనుక, అంతవరకు చల్లగా ఉన్న రియాక్టర్‌లో, డిజైన్ సరిగా లేకపోతే, నీటి అడుగునే శృంఖల చర్య మొదలుకావచ్చు. అలా జరగకుండా న్యూట్రాన్లను పీల్చుకునే బోరాన్ వంటి పదార్థంతో చేసిన కడ్డీలను బిగిస్తారు. ఆ కడ్డీలను ఎప్పుడు తీయాలన్నది మీ ఇంజనీరు చేతిలో పెట్టండి, మొదటి పాచిక అక్కడ వేయించండి.

రెండోది, ఎంత ఎత్తులో రాజేయాలన్నది. స్నాప్-10ఏ 43 రోజులు నడిచి, ఒక విద్యుత్ పరికరం చెడి ఆగిపోయింది, కానీ సుమారు 1,300 కిలోమీటర్ల ఎత్తున ఉన్నందువల్ల నేటికీ పైనే తిరుగుతోంది. తక్కువ ఎత్తులో తిరిగిన సోవియట్ అణు ఉపగ్రహం కాస్మోస్ 954 మాత్రం, రియాక్టర్‌ను పై కక్ష్యకు నెట్టే ఏర్పాటు పనిచేయక, 1978 జనవరి 24న కెనడా ఉత్తర ప్రాంతంలో రేడియోధార్మిక శకలాలుగా రాలింది. కెనడా 60 లక్షల డాలర్లకు పైగా అడిగితే సోవియట్ యూనియన్ 30 లక్షలు చెల్లించింది. రసాయన ఇంధనానికి గుర్తుగా ఆటగాళ్ల ముందు పది చింతపిక్కలు పోయండి. పైకి వెళ్లేకొద్దీ పిక్కలు తరుగుతాయి, కిందే రాజేస్తే మిగులుతాయి. పేచీ వాళ్లలో వాళ్లే పడతారు.

తెనాలి చదువరి:
ఒక చిన్న సవరణ. పై మాటలు చదివి నేల మీద ఎవరూ ఎప్పుడూ రాజేయలేదనుకుంటే అది పూర్తిగా నిజం కాదు, 1960లలో అమెరికా నెర్వా కార్యక్రమంలో అణు రాకెట్ ఇంజన్లను నెవాడా ఎడారిలో స్టాండుకు బిగించి నడిపారు. హైడ్రోజన్-ఆక్సిజన్ ఇంజన్ల కంటే ఇంధనాన్ని వాడుకోవడంలో వాటి సామర్థ్యం దాదాపు రెట్టింపు, కానీ బరువుతో పోలిస్తే వాటి తోపు తక్కువ కనుక, నేల నుంచి లేపే పని రసాయన రాకెట్‌కే మిగులుతుంది.

బ్రాడీపేట గేమ్‌మాస్టర్:
అందరికీ ధన్యవాదాలు. బాపట్లను ఖాళీ చేయించే పేజీ తీసేశాను. చింతపిక్కలు మాత్రం పదికి బదులు ఏడే ఇస్తాను, మా ఇంజనీరుకు పొదుపు తెలియదు.