అప్‌డేట్: పాప ఎమర్జెన్సీ కాగితం తయారైంది

ఊపిరి తీసుకోవడానికి మెడ ముందు కన్నం పెట్టి ట్రాకియాస్టమీ ట్యూబు వేసిన మా ఏడు నెలల పాపకి అర్ధరాత్రి ఊపిరాడకపోతే కొత్త డాక్టరుకి ఏం చెప్పాలని నెల కిందట అడిగాను కదా. అప్పుడు ఒక క్యాజువాల్టీలో ఫైలంతా తిరగేస్తూ ఉండిపోయారు, నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మీరన్నట్టే పాపని చూసే డాక్టరుగారి చేత ఒకే పేజీ రాయించాం. పైన పెద్దక్షరాల్లో ట్యూబు సైజు 3.5. కింద మామూలుగా ఉండే ఆక్సిజన్, మందులు, పడనివి, ఆయన ఫోన్ నంబరు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 1999లోనే ఇలాంటి ఫారం ఉండాలందట. బరువు మాత్రం పెన్సిల్‌తో రాశాం, డోసులన్నీ దాన్నిబట్టే, అదేమో నెలనెలా మారుతుంది.

ఎర్ర సంచిలో ఇంకో 3.5 ట్యూబు, అది దూరకపోతే 3.0, కత్తెర, కట్టే టేపు, కఫం లాగే సక్షన్ గొట్టాలు. మా అత్తయ్య బొమ్మ మెడకి కన్నం పెట్టి మరీ ట్యూబు మార్చడం నేర్చుకున్నారు. నాకంటే ఆవిడ చెయ్యే నిలకడ!

మొన్న ఆదివారం కఫం అడ్డుపడింది. అత్తయ్య ట్యూబు మార్చారు, నేను 108కి చేశాను. గాజువాక నుంచి ఆసుపత్రికి వెళ్లేసరికి పాప రంగు తేరుకుంది. డ్యూటీ డాక్టరు కాగితం చూసి అడిగింది ఒకటే: "బరువు ఇదేనా, మారిందా?"