రోడ్డు పక్క కూరగాయల వాళ్లని షెడ్డులోకి మారుస్తారట. మీ ఊళ్లో ఇలా చేస్తే ఏమైంది?

కాలవగట్టు:
మాది గోదావరి వైపు చిన్న మున్సిపాలిటీ. బస్టాండు ఎదురుగా ఎనభై మంది దాకా పొద్దున్నే కూరగాయలు పెట్టుకుంటారు, సగానికి పైగా చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు. ఫస్టు బస్సుకి తట్టలు దించుతారు, పదిన్నరకల్లా ఖాళీ చేసి వెళ్లిపోతారు. ఇప్పుడు ఊరి చివర రేకుల షెడ్డు వేశారు, అందరూ అక్కడికి పోవాలంటున్నారు. వచ్చే కౌన్సిల్ మీటింగు అజెండాలో ఉందని మా కౌన్సిలర్ చెప్పాడు. ట్రాఫిక్ ఇబ్బంది నిజమే, కాదనను. మొన్న 108 బండి కూడా ఇరుక్కుంది. కానీ షెడ్డు కిలోమీటరున్నర దూరం. మీ ఊళ్లలో ఇలా మార్చినచోట ఏమైందో చెప్పండి.

చింతతోపు:
మా ఊళ్లో ఆరేళ్ల కిందటే చేశారు. మొదటి వారం అమ్మేవాళ్లు వెళ్లారు, కొనేవాళ్లు వెళ్లలేదు. మూడో వారానికి ఇద్దరు వెనక్కొచ్చి పాత చోటే తట్ట పెట్టారు. ఇక మిగతావాళ్లు షెడ్డులో ఎందుకుంటారు? నెల తిరగకుండా అందరూ రోడ్డు మీదికే. షెడ్డులో ఇప్పుడు ఇసుక లారీలు పెడుతున్నారు. రిబ్బన్ కటింగ్ శిలాఫలకం మాత్రం చెక్కు చెదరలేదు.

పాత బిల్లు కలెక్టరు:
కాలవగట్టు గారూ, షెడ్డు సంగతి తర్వాత. ముందు టౌన్ వెండింగ్ కమిటీ కూర్చుందా లేదా అడగండి. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఊళ్లో ఎవరెక్కడ అమ్ముకోవాలన్న దాంట్లో ఆ కమిటీ మాట ఉండాలి. కమిషనర్ అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం 40 శాతం అమ్ముకునేవాళ్లే ఉండాలి, వాళ్లని వాళ్లే ఎన్నుకోవాలి, అందులో మూడోవంతు ఆడవాళ్లు. ముందు సర్వే చేసి, ధ్రువపత్రాలిచ్చాకే కదపాలి. కదిపేటప్పుడు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుపోయినా పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగివ్వాలి, మిగతావి రెండు పనిదినాల్లో. నేను పనిచేసినన్నాళ్లూ కమిటీ పేరు ఫైల్లో చూశాను గానీ, కమిటీ కూర్చోగా చూడలేదు. అందుకే మినిట్స్ కాపీ అడగమంటున్నా. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఎర్రమట్టి:
ఆ 30 రోజుల్లో రోడ్డు మీద తట్టలు ఉండవు సార్ 🙂

పాత బిల్లు కలెక్టరు:
నిజమే. అర్జీ పెట్టి ఊరుకోకూడదు, సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు కదా, అక్కడా ఇవ్వండి.

షట్టర్ నంబర్ 9:
అందరూ తట్టల వైపే మాట్లాడుతున్నారు. నా షాపు ముందు రోజూ నాలుగు తట్టలు. నేను ఆస్తి పన్ను కడుతున్నా, ట్రేడ్ లైసెన్సు కడుతున్నా, షట్టర్ ఎత్తేసరికి మెట్టు మీద టమాటా తొక్కలు. వాళ్లని తిట్టలేను, మా అమ్మ కూడా అలా అమ్మినామే. కానీ దీనికో పద్ధతి ఉండాలి కదా?

ఓరుగల్లు దారి:
అన్నా, మా తాన గిట్లనే షాపులోళ్లకూ, తట్టలోళ్లకూ పంచాయితీ అయింది. చివరికి ఏం జేసిన్రంటే, రోడ్డుకు ఒక పక్కనే, అదీ పొద్దున పదింటి దాకనే. మోరీ మీద బండలు పర్సిన్రు, తెల్ల గీత గీసిన్రు. గీత ఎక్కడ గియ్యాలెనో అమ్మెటోళ్లే నిలబడి చూపెట్టిన్రు, అందుకే ఇప్పటికీ దాటుతలేరు. చేపలోళ్లు మాత్రం తామే షెడ్డు అడిగిన్రు. వాళ్లకు నీళ్లు, మోరీ కావాలె, నీడ కావాలె. చేపల కోసమైతే జనం రెండు కిలోమీటర్లయినా పోతరు, కొత్తిమీర కట్ట కోసం పోరు. ఇంకొకటి, కూసున్న జాగాకు కట్టే తైబజార్ ఎవరు వసూల్ చేస్తరో అడుగుర్రి.

కాలవగట్టు:
తైబజార్ అంటే మా ఆశీలే కదా అన్నా? మా దగ్గర వేలం పాడినాయన రోజూ వసూలు చేస్తాడు. రసీదు మీద ఒక అంకె, చేతికి తీసుకునేది ఇంకో అంకె.

చింతతోపు:
అసలు కిటుకు అదే. షెడ్డులో అద్దె పెడితే ఆశీలు ఉండకూడదు. మా దగ్గర రెండూ అడిగారు. వెనక్కొచ్చిన ఆ ఇద్దరూ దూరానికి కాదు, దీనికే వచ్చేశారు. తీర్మానంలో ఆ మాట రాయించండి, నోటి మాట చెల్లదు.

మూడో వార్డు కోడలు:
నాదో డౌటండి. కౌన్సిల్ మీటింగులో మనలాంటోళ్లం లేచి మాట్లాడొచ్చా?

పాత బిల్లు కలెక్టరు:
లేదమ్మా, అక్కడ సభ్యులదే మాట. వార్డు కమిటీలుంటే మనకో చోటు ఉండేది గానీ, రాజ్యాంగం 243ఎస్ అధికరణ వాటిని తప్పనిసరి చేసింది 3 లక్షలు, ఆపై జనాభా ఉన్న ఊళ్లకే. పల్లెలో గ్రామసభలో లేచి సర్పంచిని నిలదీయొచ్చు, చిన్న పట్నానికి వచ్చేసరికి ఆ వీలు కనబడదు. తెలంగాణలో 2019 చట్టం వార్డుకి నాలుగు కమిటీలు పెట్టమంది. మీరైతే మీ కౌన్సిలర్ చేతికి కాగితం ఇచ్చి, ఆయన చేత చదివించండి.

మూడో వార్డు కోడలు:
మా కౌన్సిలర్ మహిళే. ఫోనెత్తేది వాళ్లాయన 😐

కాలవగట్టు:
అప్‌డేట్. ఇద్దరు కుర్రాళ్లతో కలిసి పొద్దున ఐదున్నరకి వెళ్లి అందరి పేర్లూ రాసుకున్నాం. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్ల గుర్తింపు కార్డు ఉన్నవాళ్లు 46 మంది. మిగతావాళ్లు సర్వే రోజు రాలేదట, ఎందుకంటే సర్వేకి మధ్యాహ్నం మూడింటికి వచ్చారు! పదిన్నరకి వెళ్లిపోయేవాళ్లు మూడింటికి ఎక్కడుంటారు? ఈ లెక్కంతా కాగితం మీద పెట్టి మా కౌన్సిలర్‌కి ఇచ్చాం. షాపుల వాళ్లలో ఐదుగురు కూడా సంతకం చేశారు, పదింటి దాకా ఒక పక్కనే అంటే ఒప్పుకుంటామని. అంశం వచ్చే నెలకి వాయిదా వేశారు, మళ్లీ సర్వే చేస్తామన్నారు.

షట్టర్ నంబర్ 9:
ఎన్నింటికి చేస్తారో రాయించుకున్నారా?

కాలవగట్టు:
లేదు. రేపే అడుగుతా. ఇంకోటి, కరివేపాకు అమ్మే ముసలావిడ, "షెడ్డులో కుళాయి ఉందా బాబూ, ఆకుకూరకి నీళ్లు చల్లకపోతే తొమ్మిదింటికే వాడిపోద్ది" అని అడిగింది. ఇంతమందిమి ఇన్ని రోజులు మాట్లాడుకున్నాం, ఎవరికీ తట్టలేదు. వెళ్లి చూశా. కుళాయి ఉంది, తిప్పితే గాలి వస్తోంది.