ఆహ్వానితులకు మాత్రమే: క్వాలిటీ కంట్రోల్ వర్క్‌షాప్‌కి పిలుపొచ్చింది, ఇలాంటివాటికి వెళ్లినవాళ్లున్నారా?

పాలమూరు_గణాంకం
అందరికీ నమస్కారం. డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను, పీహెచ్‌డీ క్యూసమ్ చార్టుల మీద (టార్గెట్ నుంచి తేడాలని కూడుకుంటూ పోయి చిన్న మార్పుని కూడా పట్టే చార్టులు). యూరప్‌లో జరిగే ఇండస్ట్రియల్ స్టాటిస్టిక్స్ వర్క్‌షాప్‌కి రమ్మని మెయిల్ వచ్చింది. పిలుపు అందినవాళ్లే రావాలట. ఒక మందుల కంపెనీ ట్యాబ్లెట్ బరువుల మీద మేం రాసిన పేపర్ చూసి పిలిచామన్నారు. ఇలాంటివి నిజమైనవేనా? కంపెనీ డేటా స్లైడ్లలో చూపించొచ్చా? నాతోపాటు పేపర్ రాసినతను రావొచ్చా? దారిఖర్చులు ఎవరివి? మా హెచ్‌ఓడీ గారైతే "ఫీజు అడగలేదంటే ఏదో మోసమే" అని తేల్చేశారు.

లేట్‌నైట్_లాటెక్స్
మీ హెచ్‌ఓడీ గారికి దండం. డబ్బు అడిగితే కదా మోసం! దొంగ కాన్ఫరెన్సుల వాళ్లు "ప్రఖ్యాత పరిశోధకులైన తమరు" అని మొదలుపెట్టి రెండో మెయిల్లో బ్యాంకు వివరాలు పంపుతారు. నేను టైమ్ సిరీస్ మనిషిని, నన్ను చర్మవ్యాధుల సదస్సులో కీనోట్ ఇవ్వమన్నారు. మెయిల్లో మీ పేపర్ పేరు సరిగ్గా ఉందా? కమిటీలో ఉన్నవాళ్ల యూనివర్సిటీ పేజీల్లో ఈ వర్క్‌షాప్ ఊసు ఉందా? ఈ రెండూ చూసుకోండి చాలు.

ఎల్బే_ఒడ్డున
పేరు చెప్పలేదు గానీ, అది ఇంటెలిజెంట్ స్టాటిస్టికల్ క్వాలిటీ కంట్రోల్ వర్క్‌షాప్ అయితే కళ్లు మూసుకుని ఒప్పేసుకోండి మేడమ్. 1980లో బెర్లిన్‌లో మొదలైంది, ఇంచుమించు మూడేళ్లకోసారి జరుగుతుంది. 2013లో సిడ్నీ, 2016లో హాంబర్గ్, 2019లో హాంకాంగ్. ఏరిన పేపర్లు స్ప్రింగర్ వాళ్ల 'ఫ్రాంటియర్స్ ఇన్ స్టాటిస్టికల్ క్వాలిటీ కంట్రోల్' సంపుటాల్లో వస్తాయి. మీ లైబ్రరీలో ఒకటి దొరికితే తిరగేయండి, మీ క్యూసమ్ బంధువర్గమంతా అందులోనే ఉంటుంది.

షిఫ్ట్_ఇన్‌ఛార్జ్
యూరప్ సంగతి తర్వాత. ట్యాబ్లెట్ బరువులకి కంట్రోల్ లిమిట్స్ (చార్టులో దాటితే అలారం మోగే పైగీత, కిందిగీత) ఎలా వేశారో ముందు అది చెప్పండి. మా ప్లాంటుకీ ఒక ప్రొఫెసర్ గారు కన్సల్టెంట్‌గా వచ్చి 200 చార్టులు పెట్టించి వెళ్లిపోయారు. గంటకో పాయింట్, అన్నిటికీ 3 సిగ్మా లిమిట్స్, అంటే సగటుకి అటూ ఇటూ మూడు స్టాండర్డ్ డీవియేషన్ల దూరంలో గీతలు. అంతా సవ్యంగా ఉన్నా రోజుకి పదమూడు దొంగ అలారాలు రావాలి, లెక్క కట్టుకోండి. మాకు అంతకు రెట్టింపు వచ్చేవి. మా కుర్రాళ్లు స్క్రీన్ వైపు చూడకుండానే ఓకే నొక్కడం నేర్చుకున్నారు. ఒకరోజు నిజంగానే మాత్రని నొక్కే పంచ్ అరిగింది, దానికీ ఓకే నొక్కేశారు. ఆయన మాత్రం దాని మీద రెండు పేపర్లు వేసుకున్నారు.

గోదారి_గాస్
అది చార్టు తప్పెలా అవుతుందండీ? అంతా బాగున్నా ఒక పాయింట్ గీత దాటే అవకాశం 0.27 శాతం అనేది మొదట్నుంచీ ఉన్న లెక్కే, సగటున 370 పాయింట్లకి ఒక తప్పుడు అలారం. అన్ని చార్టులు పెట్టమన్నదెవరు? పైగా రెట్టింపు వచ్చాయంటే మీ డేటా నార్మల్ కాదని, అంటే బెల్ కర్వ్ ఆకారంలో లేదని అర్థం. ముందు ట్రాన్స్‌ఫర్మేషన్ చెయ్యాలి, లాగరిథమ్ లాంటిది తీసి.

హబ్సిగూడ_పాతకాపు
నార్మల్ కావాలని మీకెవరు చెప్పారు బాబూ? కంట్రోల్ చార్టు కనిపెట్టిన షూహార్ట్ తన 1931 పుస్తకంలో 3 సిగ్మాని ఖర్చు, అనుభవం లెక్కన సమర్థించాడు తప్ప బెల్ కర్వ్ మీద ప్రమాణం చెయ్యలేదు. నేను ఎస్‌క్యూసీలో (స్టాటిస్టికల్ క్వాలిటీ కంట్రోల్) ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాను. సిమెంటు, బల్బులు, బేరింగులు, మాత్రలు, అన్నీ చూశాను. షూహార్ట్ 1947-48లో మన దేశానికే వచ్చి ఫ్యాక్టరీల వాళ్లకి చెప్పి వెళ్లాడు. జపాన్ క్వాలిటీ నిపుణుడు టాగుచి 1954-55లో ఐఎస్‌ఐలో (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) గడిపాడు. ఆయన వాడిన ఆర్థోగోనల్ అరేల (తక్కువ ప్రయోగాలతో సరిపెట్టే పట్టికల) వెనక సి.ఆర్. రావు గారి 1947 నాటి పని ఉంది. మనల్ని ఇప్పుడు వాళ్లు పిలవడమేమిటి!

లేట్‌నైట్_లాటెక్స్
సార్, ఆవిడ అడిగింది వెళ్లొచ్చా వద్దా అని. టాగుచి గారి వీసా గురించి కాదు.

హబ్సిగూడ_పాతకాపు
పెద్దవాళ్లు చెబుతుంటే వెటకారమా? నీ టైమ్ సిరీస్ వాళ్లే ప్లాంటు మెట్లెక్కకుండా థియరీలు రాసేది.

షిఫ్ట్_ఇన్‌ఛార్జ్
గాస్ గారూ, ట్రాన్స్‌ఫర్మేషన్ చేసిన లాగరిథమ్‌ని నైట్ షిఫ్టులో ఆపరేటర్‌కి మీరొచ్చి వివరిస్తారా? అతనికి మిల్లీగ్రాములు కావాలి. అసలు గోల అది కూడా కాదు. ఇండివిడ్యువల్ చార్టులో (ఒక్కో రీడింగూ ఒక్కో పాయింట్) మూవింగ్ రేంజ్, అంటే పక్కపక్క రీడింగుల తేడా, దాని సగటుని 1.128తో భాగించి సిగ్మా తీశారు. మెషీన్ పైన పౌడర్ పోసే హాపర్లో పౌడర్ తగ్గేకొద్దీ బరువులు మెల్లగా ఒకవైపు జరుగుతాయి, పక్కపక్క పాయింట్లు దాదాపు ఒకేలా ఉంటాయి. దాంతో మూవింగ్ రేంజ్ చిన్నదై లిమిట్స్ ఇరుకైపోతాయి. అలారం మోగగానే మావాడు ఫిల్ డెప్త్ (అచ్చులో పడే పౌడర్ లోతు) తిప్పుతాడు, ఈసారి బరువులు అటు పోతాయి.

గోదారి_గాస్
సరే, అయితే మొత్తం డేటా స్టాండర్డ్ డీవియేషన్ తీసుకోవచ్చుగా.

హబ్సిగూడ_పాతకాపు
రామ రామ! ఆ జరగడమంతా సిగ్మాలో కలిసిపోయి లిమిట్స్ చాంతాడంత వెడల్పవుతాయి. పంచ్ అరిగినా పట్టదు. ముందు ఆటోకోరిలేషన్‌ని, అంటే ఒక రీడింగు దాని ముందుదాన్ని పోలి ఉండటాన్ని, మోడల్ చేసి, ఆ మోడల్‌కి అందక మిగిలిన రెసిడ్యువల్స్ మీద చార్టు వెయ్యాలి. లేదా అంత దగ్గర దగ్గరగా శాంపిల్ తియ్యడం మానాలి.

లేట్‌నైట్_లాటెక్స్
ఆటోకోరిలేషన్ మోడలా? అంటే మా టైమ్ సిరీసే కదా సార్, ఇందాక తిట్టింది.

గోదారి_గాస్
అయినా 250 మి.గ్రా. పైబడిన ట్యాబ్లెట్‌కి ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) అటూ ఇటూ 5 శాతం ఇస్తోంది. 500 మి.గ్రా. మాత్రకి 25 మి.గ్రా. అంత చోటుండగా ఇంత కంగారెందుకు?

షిఫ్ట్_ఇన్‌ఛార్జ్
ఇదిగో, స్పెసిఫికేషన్‌నీ కంట్రోల్ లిమిట్‌నీ ఒకే గాటన కట్టే ఇంకో మహానుభావుడు. ఆ 5 శాతం ఇన్‌స్పెక్టర్ కోసం. చార్టు నా మెషీన్ కోసం.

గోదారి_గాస్
మహానుభావుడు లాంటి మాటలు వద్దు. నేను క్లాసులో ఆ తేడా మీదే ప్రశ్న ఇస్తాను.

మోడరేటర్
వ్యక్తిగత వ్యాఖ్యలు ఆపండి. ఇంకొకటి కనిపిస్తే తాళం వేస్తాను.

పాలమూరు_గణాంకం
షిఫ్ట్ గారూ, మాది సరిగ్గా ఆటోకోరిలేషన్ గొడవే, అందుకే క్యూసమ్‌ని రెసిడ్యువల్స్ మీద వేశాం. దయచేసి కంపెనీ డేటా సంగతి ఎవరైనా చెప్పండి.

బొల్లారం_క్యూఏ
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను, ఇక తప్పడం లేదు. పేపర్‌కి ఇచ్చిన అనుమతి స్లైడ్లకి సరిపోదు మేడమ్, మళ్లీ రాతపూర్వకంగా తీసుకోండి. మందు పేరు, బ్యాచ్ నంబర్లు, తేదీలు తీసెయ్యండి. ప్రతి బరువులోంచి టార్గెట్ తీసేసి, మీకు మాత్రమే తెలిసిన ఒక అంకెతో గుణించండి. చార్టు ఆకారం మారదు, అలారం ఎక్కడ రావాలో అక్కడే వస్తుంది, అసలు మిల్లీగ్రాములు ఎవరికీ తెలియవు. లీగల్ వాళ్లు దీనికి తలూపుతారు. "కోడింగ్ చేసిన డేటా" అని స్లైడ్ కింద రాయండి, అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు.

ఎల్బే_ఒడ్డున
ఇది బాగా చెప్పారు. అన్ని సమావేశాల పద్ధతీ ఒకటి కాదు, అది కూడా కనుక్కోండి. గోర్డాన్ రీసెర్చ్ కాన్ఫరెన్సుల్లో ఫొటోలు, రికార్డింగులు నిషేధం, అక్కడ విన్నది బయట ఉటంకించకూడదు. అందుకే కంపెనీల వాళ్లు నోరు విప్పుతారు. సంపుటం వేసే వర్క్‌షాపు అయితే అలా ఉండదు, మీరు చూపించింది అచ్చులోకి వస్తుంది.
ఖర్చంటారా, ఒక్కోచోట ఒక్కోలా. జర్మనీలోని గణిత కేంద్రం ఓబర్‌వోల్ఫాక్‌లోనూ ఆహ్వానం ఉంటేనే ప్రవేశం, గది, భోజనం వాళ్లే చూసుకుంటారు. అక్కడ పూటపూటకీ మన పేరున్న నాప్‌కిన్ కవర్లు కలిపేసి బల్లల మీద పెడతారు, ఎవరి పక్కన పడితే వాళ్ల పక్కనే భోజనం. పుస్తకాల్లో పేరు చూసిన పెద్దాయన పక్కన సూప్ తాగుతూ "మీరేం చేస్తుంటారు" అంటే ఏం చెప్పాలో ముందే అనుకోండి. ఆ టెన్షన్ స్లైడ్లకి కూడా ఉండదు.

లేట్‌నైట్_లాటెక్స్
శాకాహారం దొరుకుతుందా అక్కడ?

హబ్సిగూడ_పాతకాపు
గోంగూర పట్టుకెళ్లమ్మా. సీసా చెక్-ఇన్ సామాన్లో పెట్టు, చేతి సంచీలో అయితే తీసేసుకుంటారు.

బొల్లారం_క్యూఏ
విమానం డబ్బుకి ఏఎన్‌ఆర్‌ఎఫ్ (పరిశోధనకి నిధులిచ్చే కేంద్ర సంస్థ, ఇదివరకటి ఎస్‌ఈఆర్‌బీ) ట్రావెల్ స్కీమ్ ఉందేమో చూడండి. పిలుపు లేఖలో మీరు పేపర్ చదువుతున్నట్టు స్పష్టంగా రాయించుకోండి, "పాల్గొనవచ్చు" అని ఉంటే ఫైలు కదలదు. జర్మనీ అయితే వీసా అపాయింట్‌మెంట్ కోసం ఈరోజే వెతకడం మొదలుపెట్టండి.

పాలమూరు_గణాంకం
చాలా థాంక్స్ అండి. మరి నా కో-ఆథర్?

షిఫ్ట్_ఇన్‌ఛార్జ్
మేడమ్, హాపర్ అడుగంటేటప్పుడు తీసిన రీడింగులు విడిగా పెట్టారా, లేక అన్నీ కలిపే మోడల్ చేశారా? విడిగా ఉంటే వాటి చార్టొకటి ఇక్కడ పెట్టండి. కోడింగ్ చేసిందే పెట్టండి, పర్లేదు.